నాలుగింటికి ముందు ఒక కీబోర్డు

"ఆ విదేశీ ముఠా ఆఫీసులో కీబోర్డు పనిచెయ్యడం లేదు. మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఆ ఫోన్‌ని మనవాళ్లు దారిలోనే పట్టుకున్నారు. కాబట్టి మెకానిక్‌వి నువ్వే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్ కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు. ఈ వారంలో ఇది నాలుగో మారువేషం. మోకాలు సలుపుతోంది.

"నాకు కీబోర్డుల గురించి ఏం తెలుసు సార్?"

"బాంబులు విప్పావుగా! ఇది పేలదు, సంతోషించు."

పేలేది వేరే ఉంది. ఆ ముఠా కంప్యూటర్ సరిగ్గా నాలుగు గంటలకు మన గూఢచారులు పన్నెండుమంది పేర్లను దానంతటదే సరిహద్దు దాటిస్తుంది. ఏడో పేరు అతని తమ్ముడిది. ఆపాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. అది తెలిసిన డబుల్ ఏజెంట్ లోపలే ఉంది. కోడ్‌నేమ్ నెమలి.

మూడూ నలభైకి అతికించిన మీసంతో, పనిముట్ల సంచీతో ఆరో అంతస్తు ఎక్కాడు.

"మీ లిఫ్టు ఆగడం లేదండీ," అన్నాడు ఆయాసపడుతూ.

"మెట్లే ఆరోగ్యం," అంది ఎర్రగోళ్ల సెక్రటరీ. కోడ్ కలిసింది. నెమలి ఈమే.

"త్వరగా కానివ్వవయ్యా!" విసుక్కున్నాడు ముఠా నాయకుడు.

"సార్, పక్కగదిలో మీకు ఫోన్," అంటూ నెమలి అతన్ని పంపించేసింది.

ఏజెంట్ నైన్ కీబోర్డును బోర్లించి తట్టాడు. బిస్కెట్ పొడి రాలింది. మీటలు కదులుతున్నా తెరమీద అక్షరం పడలేదు. సంచీలోంచి కొత్తది తీసి అదే వైరు చివర తగిలించాడు. అదీ చచ్చినట్టే ఉంది.

"కంప్యూటర్ ఆపేస్తే?"

"ఆపిన క్షణమే జాబితా వెళ్లిపోతుంది. అలా అమర్చారు."

మూడూ యాభై ఆరు.

కొత్తదీ పనిచెయ్యలేదంటే తప్పు కీబోర్డుది కాదు. మోకాలిని తిట్టుకుంటూ బల్ల కిందికి దూరాడు. వైరు వెంట వేళ్లు పోనిచ్చాడు. కంప్యూటర్ వెనక బొటనవేలంత నల్లటి పరికరం తగిలింది. కొట్టిన ప్రతి అక్షరాన్నీ దొంగిలించే గాడ్జెట్. దాని వెనకే ఇంకోటి. రెండూ ఒకదానికొకటి అడ్డుపడి అక్షరాలను మింగేస్తున్నాయి.

"ఇది మన డిపార్ట్‌మెంట్‌దే కదమ్మా!"

"అవును, నేనే పెట్టాను. పోయిన నెల."

"మరి రెండోది?"

"వీళ్ల పైవాళ్లిచ్చారు. ఈ నాయకుడి మీద వాళ్లకు అనుమానం. ఇవాళ పొద్దున్నే తగిలించాను." ఆమె గొంతు తగ్గింది. "ఇద్దరి దగ్గరా పనిచేస్తున్నాను కదండీ. ఎవరిని కాదనను?"

అతనికి కోప్పడే ఓపిక కూడా లేదు. రెండూ పీకి జేబులో వేసుకుని, కీబోర్డును నేరుగా గుచ్చాడు. పచ్చలైటు వెలిగింది. నెమలి ఎర్రగోళ్లు టకటకలాడాయి. తెరమీద జాబితా మాయమయ్యేసరికి నాలుగు కావడానికి రెండు సెకన్లున్నాయి.

నాయకుడు తిరిగొచ్చి ఒక మీట నొక్కి చూశాడు. "ఏమైంది దీనికి?"

"దుమ్ము సార్."

ఆఫీసుకు చేరి, మీసం పీకి, రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. తమ్ముడు క్షేమం. అదొక్కటే రాసి ఇంటికి పోదామనుకున్నాడు. మీట నొక్కితే అక్షరం పడలేదు.

నిట్టూర్చి, కంప్యూటర్ వెనక తడిమాడు. అవే నల్లటి పరికరాలు, ఒకటి కాదు, మూడున్నాయి.

తనంటే ఆఫీసులో ఇంతమందికి ఇంత శ్రద్ధ ఉందని పదకొండేళ్ల సర్వీసులో అతనికి అప్పుడే తెలిసింది.