ఏడు రాత్రుల గ్రాఫ్

"మీ ఆయన చాలావరకు తనంతట తనే తేరుకుంటున్నాడమ్మా," అంది డాక్టర్ సాధన, స్క్రీన్ మీది గ్రాఫ్ చూపిస్తూ. నూకరత్నానికి ఆ గీతలు బోధపడలేదు గానీ డాక్టరమ్మ నవ్వు బోధపడింది. మొగుడి ఉద్యోగం నిలబడుతుందన్నమాట.

సింహాద్రి పోర్టులో క్రేన్ ఆపరేటర్. అతనికి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. ఊపిరి ఆగితే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఓ గడియారం ఉంది. (వెనకటికి గోడగడియారానికి కీ ఇవ్వడం ఇంటిపెద్ద హక్కు. ఆయన ఊరెళితే ఇంటిల్లిపాదికీ వేళ తప్పేది. అది వేరే సంగతి.) ఆక్సిజన్ తగ్గినకొద్దీ ఆ గడియారాలు గతి తప్పుతాయి. అందుకే సింహాద్రికి పట్టపగలు, క్రేన్ మీద, అర్ధరాత్రయ్యేది.

సాధన తయారుచేసిన గొంతుపట్టీ, ఊపిరి ఆగగానే ఓ నరాన్ని కదిపి గొంతు తెరిపిస్తుంది. ఎంత గట్టిగా కదపాలో, ముందు ఏడు రాత్రులు ఊపిరి ఆగాక మనిషి తనంతట తను ఎంతవరకు తేరుకుంటాడో గమనించి నేర్చుకుంటుంది.

ఆ ఏడు రాత్రులూ ఆయన్ని ఎవరూ లేపలేదు కదా అని సాధన మరోసారి అడిగింది.

"ముట్టుకోవద్దన్నారు కదమ్మా. గోడవైపు తిరిగి పడుకున్నాను," అంది నూకరత్నం. ఆమెకి తెలిసినంతవరకూ అది నిజమే.

ఆ గ్రాఫ్ లెక్కన సాధన పట్టీని తక్కువ శక్తిలో పెట్టింది. మీకూ సరైన నిద్ర లేదు, నెల్లాళ్లు వేరే గదిలో పడుకోండి అంది.

"ఇరవై రెండేళ్లకి నా గురక నుంచి నీకు విడుదల," అన్నాడు సింహాద్రి.

మూడోనాడు నూకరత్నం ఎండ ముఖాన పడేదాకా నిద్రపోయింది. సిగ్గుపడుతూ లేచి టీ పట్టుకెళ్లింది. లేపితే లేవలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

అతను పోయిన తొమ్మిదోరోజున సాధన ఇంటికి వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగిందో ఆమెకి అంతుపట్టలేదు. మంచినీళ్లిచ్చిన నూకరత్నం చెల్లెలు చిలకమ్మ మాటల్లో అంది:

"అప్ప పక్కన పడుకోలేకపోతున్నానమ్మా. నిద్రలోనే చెయ్యి చాపి భుజం తడుతుంది. పొద్దున్న అడిగితే తనకేం తెలీదంటుంది."

"ఎప్పుడెప్పుడు తడుతుంది?"

"నిన్న చూద్దామని ఊపిరి బిగబట్టాను. చెయ్యి వచ్చేసింది."

సాధన గ్రాఫ్ తీసి చాలాసేపు చూసింది. సింహాద్రి తేరుకున్నాడని యంత్రం రాసుకున్న ప్రతిచోటా ఉన్నది ఈ చెయ్యే.

"నేను పక్కనుంటే బతికేవాడా?" అని అడిగింది పక్కనే కూర్చుని అంతా విన్న నూకరత్నం.

"వేరే గదిలో పడుకోమన్నది నేనమ్మా."

నూకరత్నం కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దానికేసి చూసింది.

"ఇన్నేళ్లూ ఇది చేస్తున్న పని నాకు తెలీలేదమ్మా. తెలిసుంటే ఆ గది వదిలేదాన్నే కాదు."