కరెంటు తీసినవాడే పళ్ళు కోయాలి

"ఈ కరెంటు తీసిందెవరండీ?"

స్తంభానికి వేసిన నిచ్చెన మీద నిలబడి చెట్టుకొమ్మలు నరుకుతున్న కుర్రాడు కిందికి చూశాడు. మే నెల ఎండలో ఒక అమ్మాయి. చేతిలో ట్రే, ట్రేలో పన్నెండు కాగితం కప్పులు. ప్రతి కప్పులోనూ ఒక పుల్ల పక్కకి వాలిపోయి ఉంది.

"నేనేనండి. వానలు పడకముందే వైర్ల మీది కొమ్మలు కొట్టేయాలి కదా."

"తీసేముందు ఒక మాట సెప్పాలా, అక్కర్లేదా?"

"ఆఫీసు బోర్డు మీద రాసేమండి."

"రోజూ పొద్దున్నే లేచి మీ ఆఫీసు బోర్డు సదువుకోవాలేటి? దిగండి. మీరు సేసిన ఘనకార్యం మీరే సూడండి."

దిగాడు. దిగకపోతే నిచ్చెన లాగేసే మనిషిలా ఉంది మరి.

"ఇదేటండీ, జ్యూసా?"

"రెండు గంటల కిందట పళ్ళ ఐసు. ఇప్పుడు మీ పుణ్యమా అని జ్యూసు. తాగండి."

మొహమాటపడుతూనే తాగాడు. కొబ్బరినీళ్ళు, నిమ్మరసం, పంటికింద మామిడి ముక్క, అనాస ముక్క, ఒక లిచీ. పొద్దుటినుంచి కొమ్మలు నరికిన గొంతు హాయిగా ఊపిరి పీల్చుకుంది. అడక్కుండానే రెండో కప్పు అందుకున్నాడు. అది చూసి అమ్మాయి కోపం కొంచెం మెత్తబడింది. ఎంత కోపంలో ఉన్నా, తన చేతివంట రెండోసారి అందుకునేవాణ్ణి పూర్తిగా తిట్టడం కష్టం.

"పేరేటి? కంప్లయింట్ రాయాలి."

"తాతాజీ అండి."

"ఎగతాళా?"

"ఒట్టండి. మా తాత పేరు పెట్టేరు. నాకు ఇరవయ్యారే."

ఆమె నవ్వు ఆపుకోవడానికి ట్రే వైపు చూసింది. అతను ఆ నవ్వును చూడనట్టు నటించడానికి నిచ్చెన వైపు చూశాడు. ఇద్దరికీ నటన రాదు.

ఆ అమ్మాయి పేరు కుంతి. ఒడియా ఊరైన జయపురంలో మునిసిపాలిటీ క్వార్టర్లలో ఉండే కన్నారావు ఒక్కగానొక్క కూతురు. బీకాం అయ్యాక ఉద్యోగం వెతకమంటే, ఒక సెకండ్‌హ్యాండ్ డీప్ ఫ్రీజర్ వెతికి తెచ్చింది. ఇంట్లో పళ్ళ ఐసులు చేసి అమ్ముతానంది. కన్నారావుకి అది పనిలా కనబడలేదు.

"రజో పండక్కి కాలనీ కమిటీవాళ్ళు రెండొందల ఐసులు అడిగేరు కదా. పండగ ఆదివారం పొద్దున్న ఉయ్యాల దగ్గర ఆ రెండొందలూ గట్టిగా ఉంటే నీ ఇష్టం నీది. లేదా, సోమవారం రాయగడ బస్సెక్కి మీ మావయ్య ఎరువుల కొట్లో కంప్యూటర్ ముందు కూకో" అన్నాడు.

అదీ సంగతి. అందుకే ట్రయల్ ఐసులు కరిగితే అంత మండిపడింది.

ఆ మధ్యాహ్నం తాతాజీ తన నంబరు ఇచ్చాడు. లైన్ తీసే రోజు ముందే మెసేజ్ పెడతానన్నాడు. మాట తప్పలేదు.

"పదకొండు నుంచి ఒంటిగంట వరకు లైన్ కట్." మొదటి వారం అంతే.

"మూడు నుంచి నాలుగు. ఎండలో బయటికి రాకండి." రెండో వారం.

మూడో వారం వచ్చేసరికి, "ఇవాళ లైన్ కట్ లేదు" అని కూడా మెసేజ్ రావడం మొదలైంది. లేనిదాన్ని లేదని చెప్పడానికి మనిషికి ఎంత తీరిక ఉండాలో ఆలోచించండి.

కుంతి జవాబులు కూడా పెరిగాయి. "తాతగారూ, భోజనం అయ్యిందా? పళ్ళు ఉన్నాయా, ఊడేయా?"

"ఉన్నాయండి. ఐసు కొరకడానికి దాచుకుంటున్నాను."

ఇలా ఉండగా రజో రానే వచ్చింది. అక్కడే కుంతి పప్పులో కాలేసింది.

వానల ముందు భూదేవికి మూడు రోజుల విశ్రాంతి అని ఒడియావాళ్ళు చేసుకునే పండగ రజో. ఆ మూడు రోజులూ నాగలి కదలదు. ఆడపిల్లలు కత్తిపీట ముట్టరు, నేలమీద ఉత్త కాళ్ళతో నడవరు, ఉయ్యాల దిగరు. కుంతి వాళ్ళ గోడకి ఉన్నది మాత్రం విజయనగరం నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండరు. అందులో ఆదివారం గడిలో మిథున సంక్రమణం అని ఉంది. పండగ ఆ రోజే మొదలనుకుంది. శనివారం పొద్దున్న పళ్ళు తాజాగా కోసి, పోసి, గడ్డకట్టించి, ఆదివారం పండక్కి పట్టుకుపోవచ్చని లెక్కవేసింది.

శనివారం పొద్దున్న అనాసపండు మీద కత్తి పెట్టిందో లేదో, నాయనమ్మ కేక వేసింది.

"ఒలమ్మీ! కత్తి కింద పడీ! ఇయ్యాళ పహిలి రజో!"

"రేపు కదే, నాయనమ్మా?"

"రేపు సంకురాత్రి. దాని ముందురోజే మొదలు. నలపై ఏళ్ళయి ఈ ఊర్లో ఉన్నాం, అదీ తెలీదేటి?"

నాయనమ్మ తెలుగు మనిషే. కానీ రజోని పాటించడంలో పక్కింటి ఒడియావాళ్ళే ఆమె దగ్గర సలహా అడుగుతారు. బతిమాలినా లాభం లేదు. ఇరవై అనాసపళ్ళు, రెండు బుట్టల మామిడిపళ్ళు, ఒక గంప లిచీలు నిన్ననే బొయిపరిగుడ సంతనుంచి వచ్చి వరండాలో కూర్చున్నాయి. కన్నారావు కాలవల పూడికతీత డ్యూటీకి వెళ్ళిపోయాడు. కుంతికి ఏడుపొచ్చినంత పనయ్యింది.

అప్పుడే తాతాజీ మెసేజ్ వచ్చింది. "ఇవాళ లైన్ కట్ లేదు. నాకు సెలవు."

"అయితే రండి. కత్తి పట్టడం వచ్చా?" అని జవాబు కొట్టింది కుంతి.

పావుగంటలో తాతాజీ గుమ్మంలో ఉన్నాడు. కుంతి కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఆర్డర్లు వేసింది. పక్కన నాయనమ్మ సూపర్‌వైజరు.

"కళ్ళన్నీ తీసేయాలండి. అనాస కళ్ళు. నావి కాదు."

"అలాగేనండి."

"అబ్బ, అదేటండీ, ఇటుకముక్కా? కప్పులో పడతాదా అది? గోరంత సెయ్యండి."

"గోరు ఎవరిదండీ? నాదా, మీదా?"

"నాది."

"ఒకసారి సూపించండి, కొలత కోసం."

నాయనమ్మ గొంతు సవరించుకుంది. తాతాజీ బుద్ధిగా అనాస వైపు తిరిగాడు.

పళ్ళు ఒకేసారి వేసేస్తే అన్నీ అడుగుకి దిగిపోతాయి. అందుకని సగం కప్పు కొబ్బరినీళ్ళు పోసి గడ్డకట్టించాలి. దానిమీద ముక్కలు పేర్చి, పుల్ల గుచ్చి, మళ్ళీ పోయాలి. రెండు వందల కప్పులకీ ఇద్దరూ ఆ పని చేశారు. అతను ముక్కలు వేశాడు, ఆమె పుల్లలు గుచ్చింది. చేతులు తగిలినప్పుడల్లా ఇద్దరూ సారీ చెప్పుకున్నారు. నాయనమ్మ ఆ సారీలు పద్నాలుగు దాకా లెక్కపెట్టి కునుకు తీసింది.

మూడున్నరకి ఆకాశం నల్లబడింది. గాలి, దాని వెనకాలే పెద్ద చినుకులు. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. ఫ్రీజర్ మూలుగు ఆగిపోయింది.

తాతాజీ ఫోన్ మోగింది. మాట్లాడి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. "మెయిన్ లైన్ మీద చెట్టు పడిందట. సెలవులు క్యాన్సిల్."

"ముందు మా కాలనీ సూస్తారు కదా?"

"ముందు ఆస్పత్రి. తర్వాత నీళ్ళ ట్యాంకు. మీది ఆఖరున."

కుంతి మొహం వాడిపోయింది. "ముందు మీదేనని ఒక అబద్ధమైనా సెప్పొచ్చు కదండీ."

"సెప్తే మీరు నిమిషానికోసారి మూత తీసి సూస్తారు. మూత తియ్యకండి. తియ్యకపోతే నాలుగ్గంటలు ఆగుతాది."

వానలోకి వెళ్ళిపోయాడు. కుంతికి అతని మీద కోపం రావాలి. రాలేదు. ఆస్పత్రిని వదిలి తన ఐసుల కోసం వచ్చేవాడైతే ఇంత నచ్చేవాడు కాదని తెలిసింది. రాయగడ బస్సు ఎక్కడం ఇదివరకటికన్నా కష్టమనీ తెలిసింది.

అయిదింటికి తడిసి ముద్దయి వచ్చిన కన్నారావు ఫ్రీజర్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్న కూతుర్ని చూశాడు. గొడుగు తీసుకుని మళ్ళీ బయటికి నడిచాడు. అరగంటకి ఆటోలో వచ్చాడు. రైసుమిల్లునుంచి నాలుగు బస్తాల ఊక, పైన కప్పిన పాలిథిన్.

"నాన్నా! నువ్వు ఓడిపోతావు కదా?"

"ఓడితే నీ సేతిలో ఓడాల. గాలివాన సేతిలో కాదు. పట్టు ఆ బస్తా."

చల్లదనం పోకుండా ఫ్రీజర్ చుట్టూ ఊక బస్తాలు, పైన నాయనమ్మ బొంతలు. ముగ్గురూ కాపలా కూర్చున్నారు. పొద్దున్న వచ్చి పళ్ళు కోసిపెట్టిన కరెంటు కుర్రాడి సంగతి నాయనమ్మ కొడుక్కి చెప్పింది. ఏడుంపావుకి బల్బు వెలిగింది. ఫ్రీజర్ మూలిగింది. ఫోన్ కూడా.

"వచ్చింది. ఇప్పుడు కూడా మూత తియ్యకండి."

కుంతి బొంతలో మొహం దాచుకుని ఏడ్చింది. నాయనమ్మకి కనబడకూడదనుకుంది గానీ ఆవిడకి అన్నీ కనబడతాయి.

ఆదివారం పొద్దున్న మామిడికొమ్మకి ఉయ్యాల కట్టారు. కొత్త చీరల్లో అమ్మాయిలు, బియ్యప్పిండితో కాల్చిన పోడపిఠా ముక్కలు, పాన్లు, వాటి మధ్య కుంతి పళ్ళ ఐసులు. అద్దంలాంటి ఐసులో పసుపు, తెలుపు ముక్కలు నిలువునా నిలబడి ఉన్నాయి. మొదటిది కన్నారావు కొరికాడు. గట్టిగా ఉంది. ఎంత గట్టిగా అంటే పక్కపన్ను జివ్వుమంది.

గంటన్నరలో పెట్టె ఖాళీ అయింది. ఒక్కటి మాత్రం కుంతి అడుగున దాచింది. అందులో ఇటుకముక్కంత అనాస ముక్క ఉంది.

"రాయగడ మావయ్యకి ఫోన్ సేసేసేను. పిల్ల రాదని సెప్పేను" అన్నాడు కన్నారావు దవడ పట్టుకుని.

కుంతి ఆనందంతో ఏదో అనబోయింది. ఇంతలో పక్కన పెట్టిన ఫోన్ టింగుమంది. ఆమె చేతులు రెండూ పళ్ళరసంతో జిగురుగా ఉన్నాయి.

"నాన్నా, కొంచెం సూడవా? లైన్ కట్ ఏమో."

కన్నారావు కళ్ళజోడు పెట్టుకుని, అందరికీ వినబడేలా చదివాడు. "రేపు పది నుంచి పన్నెండు వరకు మా అమ్మ, నేను మీ ఇంటికి వస్తాం. కరెంటు విషయం కాదు."

ఉయ్యాల ఆగిపోయింది. నాయనమ్మ పాన్ నమలడం ఆపింది. కుంతి జిగురు చేతులు వెనక్కి దాచుకుంది. చెంపలు దాచుకోవడానికి ఏమీ దొరకలేదు.

కన్నారావు ఇంకోసారి మనసులో చదువుకున్నాడు. కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది గానీ కాదనలేదు.

"రేపు పొద్దున్న నాకు డ్యూటీ. పది నుంచి పన్నెండు కుదరదు. సాయంత్రం అయిదుకి రమ్మని పెట్టు."

కుంతి చేతులు కొంగుకి తుడిచేసుకుని ఫోన్ అందుకుంది. వేళ్ళు అంటుకుంటున్నా టైపు చేసింది.

"సాయంత్రం అయిదుకి రా. నీ ఐసు ఒకటి దాచేను. రేపు కూడా రజోయే, అమ్మగారికి పెట్టే పళ్ళు నువ్వే కోయాలి."