ఎండిన చెరువులో దిగిన విమానం

1987 జూలై 19, ఆదివారం. ఆ మధ్యాహ్నం కొత్తకోటలో లాడ్లీ బేగం ఇంట్లో పర్వతాలు జొన్నరొట్టె, ఖట్టీ దాల్, నూనెలో వేయించిన ఎండుమిరపకాయలు తిన్నాడు. చివర్లో ఆమె పెద్ద గ్లాసు నిండా చల్లటి మజ్జిగ ఇచ్చింది. బోర్లన్నీ ఎండిపోయిన ఊళ్లో అంత చల్లదనం ఎక్కడి నుంచి తెచ్చిందో అడగాలనిపించింది. అడగలేదు. ఆమె భర్తను ఆ సాయంత్రం అతను కాల్చి చంపాల్సి రావచ్చు.

"ఇంకో రొట్టె ఏసుకోండ్రి అన్నా. గీ ఎండల పడి వచ్చిండ్రు."

"చాలమ్మా."

"ఆయన గూడ గిట్లనే అంటడు. చాలంటడు, మళ్ల రెండు తింటడు." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "నాలుగు రోజులాయె. యాడున్నడో, ఎవలన్న ఇంత పెడుతున్నరో లేదో."

పర్వతాలు తల వంచుకుని చేతులు కడుక్కున్నాడు. తాను గులాం నబీ ఆఫీసు నుంచి వచ్చిన దోస్తునని ఆమెతో చెప్పాడు. నాలుగు రోజుల కిందటి సంగతులు అడగడానికే వచ్చాడు. ఇంట్లో పనికొచ్చే ఆధారమేదీ దొరకలేదు, భోజనం తప్ప.

నిన్న ఉదయం హైదరాబాద్‌లో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చాలా చిన్నది.

"డాక్టర్ గులాం నబీ. రాడార్ సైంటిస్ట్. పుట్టిందీ పెరిగిందీ ఆత్మకూర్లో. సెలవు పెట్టి కొత్తకోట ఇంటికొచ్చి మిస్సయ్యాడు. ఆయన తలలో ఉన్న డిజైన్ ఇంకా ఎక్కడా కాగితం మీదికి రాలేదు. అందుకే మనిషినే ఎత్తుకుపోయారు."

"ఎవరు సార్?"

"వెల్నర్. విదేశీ ముఠా. పైకి మాత్రం ట్రావెల్ కంపెనీ. 'డెక్కన్ డెజర్ట్ హాలిడే' అని టూరిస్టులను తిప్పుతున్నాడు. ఎడారి, నది, మూడు వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు."

"పాలమూరులో ఎడారా?"

"వానల్లేవు కదా. బ్రోషర్‌లో ఫొటో చూస్తే నువ్వు కూడా నమ్ముతావు." చీఫ్ ఒక కెమెరా, ఒక ట్రైపాడ్ బల్ల మీద పెట్టాడు. "నీకు సెలవు శాంక్షన్ చేశాను. మద్రాసు నుంచి వచ్చిన జాగ్రఫీ లెక్చరర్‌వి. ట్రైపాడ్ మధ్య కాలులో తుపాకీ గొట్టం ఉంది. ఒకటే రౌండ్. వాళ్ల గైడ్ జాహేదా మన మనిషే."

"నమ్మొచ్చా?"

"వాళ్ల మనిషి కూడా." చీఫ్ గొంతు తగ్గించాడు. "నబీని ప్రాణాలతో తీసుకురా. కుదరకపోతే ప్రాణాలతో దేశం దాటనివ్వకు. అర్థమైందా?"

అర్థమైంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో పర్వతాలుకు ఇంత తేలిగ్గా అర్థమైన ఆర్డర్ లేదు. ఇంత బరువైనదీ లేదు. ఇంట్లో ఈ బరువు చూసి 'ఏమైందండీ' అని అడిగే మనిషి పోయి మూడేళ్లయింది.

*

హైవే హోటల్ ముందు రెండు టూరిస్టు వ్యాన్లు ఆగి ఉన్నాయి. జాహేదా ఎర్రటి సిల్కు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, పది గజాల దూరం నుంచే తెలిసే సెంటుతో చేతిలో పేర్ల అట్ట పట్టుకుని నిలబడింది. రోడ్డు మీద వెళ్లే లారీ డ్రైవర్లు ఆమెను చూడటానికి గేరు మార్చుకుంటున్నారు.

"ఇక్కడ ఇసుక ఎంత లోతు ఉంటుంది మేడమ్?" అన్నాడు పర్వతాలు.

"నీళ్లు ఎంత లోతుకు పోయినయో అంత," అంది ఆమె, అట్ట మీద నుంచి తల ఎత్తకుండానే. కోడ్ సరిపోయింది.

వ్యాన్లలో పదిహేను మంది ఉన్నారు. సగం మంది నిజంగానే సెలవు మీద వచ్చినవాళ్లు. ఎండకు ముక్కులు ఎర్రబడి, ప్రతి మేకకూ ఫొటో తీస్తున్నారు. మిగతా ఆరుగురి చొక్కాలు నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉన్నాయి. వెల్నర్ తెల్లజుట్టు మనిషి, మర్యాదస్తుడు. అతని పక్కన వీల్‌చైర్‌లో ఒక ముసలావిడ. పొడుగు చేతుల గౌను, చేతి తొడుగులు, వెడల్పాటి టోపీ, ముఖం మీద సన్నటి వల.

"మా అత్త హెడ్విగ్," అన్నాడు వెల్నర్ ఇంగ్లీషులో. "మీ ఎండకు తట్టుకోలేకపోయింది. పాపం, మాట కూడా రావడం లేదు."

ఆవిడ తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. కిటికీలోంచి ఎండ సూటిగా ముఖం మీద పడుతోంది. పర్వతాలు చేయి చాచి కర్టెన్ లాగాడు. ఆవిడ చూడలేదు.

ఆత్మకూర్ దాటి మట్టిదారి పట్టారు. పల్లేరు కూడా మొలవని చెల్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాతిగుండ్లు. దూరంగా కృష్ణ ఒక తెల్లటి గీతలా సన్నగిల్లింది. కొండ్రావుపల్లి దగ్గర వ్యాన్లు ఆగాయి. మనిషికి రెండింతలున్న నిలువురాళ్లు బీడు నిండా నిలబడి ఉన్నాయి. టూరిస్టులు గప్‌చుప్‌గా అయిపోయారు. ఆ రాళ్ల ముందు ఎవరికైనా గొంతు తగ్గుతుంది.

జాహేదా రాళ్ల చరిత్ర చెప్తూ పర్వతాలు పక్కకు వచ్చింది.

"రెండో వ్యాన్ల పొడుగు పెట్టె ఉంది. పైన టెలిస్కోప్ అని రాసిండ్రు. గా పెట్టెలనే ఉన్నడు."

"ప్రాణంతోనా?"

"ఉన్నడు. మత్తుమందు గాదు, ఇంకేదో సూది ఇస్తున్నరు. ఒళ్లంత చెమట. ఇంకొక్క సూది పడితే పొద్దుగూకే దాక ఉంటడో లేదో."

"విమానం?"

ఆమె గడ్డంతో చూపించింది. నిలువురాళ్ల దిగువన చెరువు. చెరువు అనడానికి కట్ట ఒకటే మిగిలింది. అడుగంతా గట్టిగా, చదునుగా, నెర్రెలిచ్చి ఉంది. దాని మీద సున్నంతో రెండు పొడుగు గీతలు గీసి ఉన్నాయి. కరువు ఈ ఊరికి చెరువు లేకుండా చేసి, వెల్నర్‌కు రన్‌వే వేసి పెట్టింది.

"అయిదున్నరకు," అని జాహేదా వెళ్లిపోయింది.

పర్వతాలు రాయి చాటుకు వెళ్లి సిగరెట్ లైటర్‌లోని రేడియో నొక్కాడు. ఆత్మకూర్లో జీపులో మనవాళ్లున్నారు. లైటర్ ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. ఎండకు బ్యాటరీ ఉబ్బిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ. ఏమీ లేదు.

ఆరుగురు ఒకవైపు. ఇటు తానొక్కడు, ఒకటే తూటా. పెట్టె దగ్గర ఇద్దరు కాపలా. దగ్గరికి వెళ్లే దారి లేదు. చెరువు మొత్తం కనిపించే రాతిగుండు ఎక్కి ట్రైపాడ్ నిలబెట్టాడు. సూర్యాస్తమయం ఫొటో కోసమనుకుని ఒక టూరిస్టు నవ్వి చేయి ఊపాడు. పర్వతాలు కూడా చేయి ఊపాడు. పెట్టె విమానం ఎక్కే ముందు, దాని చెక్కలోంచి, నడిమధ్యకు కాల్చాలి. చెక్క సన్నదే, నొప్పి ఎక్కువసేపు ఉండదు అని తనకు తాను చెప్పుకున్నాడు. నోట్లో ఇంకా మజ్జిగ పులుపు తగులుతూనే ఉంది.

అప్పుడు డప్పులు వినిపించాయి.

కట్ట మీద నుంచి ఊరు ఊరంతా దిగుతోంది. ముందు డప్పు కొడుతూ కురుమయ్య, వెనక నీళ్ల బిందెలతో ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్ల భుజాల మీద కావడి కట్టె, దానికి వేలాడుతూ పొగలు కక్కే పెద్ద గుండిగ. నేరుగా చెరువులోకి వచ్చి, సున్నపు గీతల మధ్య నేలకు సమంగా పరుచుకున్న పరుపుబండ చుట్టూ చేరారు.

వెల్నర్ ముఖం మాడిపోయింది. "ఏమిటిది?"

"వరదపాశం," అంది జాహేదా. "వాన పడకుంటే బెల్లం పాశం, అంటే పాయసం, వండి బండ మీద పోస్తరు. ఊరంత మోకాళ్ల మీద వంగి నాకుతరు."

"వెళ్లగొట్టు!"

ఆమె వెళ్లి ముందున్న బాలనర్సమ్మ అనే ముసలామెతో మాట్లాడింది. బాలనర్సమ్మ నడుము మీద చేయి వేసుకుని దొరల గుంపును కింది నుంచి పైకి చూసింది.

"వీళ్లెవలు బిడ్డా?"

"ఎడారి చూడనీకి వచ్చిండ్రు అవ్వా. దూరదేశం."

"కరువు చూడనీకి పైసలు పెట్టుకొని వచ్చిండ్రా? మేము ఉత్తగనే చూస్తున్నం గదనే!" గుంపు గొల్లుమంది. "పొమ్మంటే పోయేది గాదు. చెరువుల ఉన్నోళ్లంత పాశం ముట్టాలె. ఒక్కరు ముట్టకున్నా వాన అలుగుతది. చెప్పులిడిచి రమ్మను. అయినంక మేమే పోతం."

"వద్దంటే?"

"వద్దంటే గీడనే కూసుంటం. తెల్లార్లు."

దూరంగా ఆకాశంలో సన్నటి మోత మొదలైంది. వెల్నర్ గడియారం చూసుకున్నాడు. నాలుగు వందల మందిని ఆరు పిస్టళ్లతో తరిమితే ఏమవుతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. పళ్లు బిగించి బూట్లు విప్పాడు. "తొందరగా కానివ్వండి."

"గా ముసలామెను గూడ తీసుకరా," అంది బాలనర్సమ్మ.

"ఆమెకు ఒంట్లో బాగాలేదు!"

"బాగలేనోళ్లే ముందు ముట్టాలె."

వెల్నర్ జాహేదా వైపు చూశాడు. ఆమె భుజాలు ఎగరేసింది. "ఒక్క వేలు తాకిస్తే అయిపోతది సార్. లేకుంటే వీళ్లు కదలరు." అతని జవాబు కోసం ఆగకుండా వీల్‌చైర్‌ను తానే తోసింది.

పైన గుండు మీద పర్వతాలు ఇవేమీ చూడటం లేదు. అతని కన్ను ట్రైపాడ్ గురి మీద ఉంది. బండకు అవతలి కొసన ఇద్దరు మనుషులు పొడుగు పెట్టెను మోసుకుని గీత వెంట పరుగెడుతున్నారు. విమానం కట్ట మీదుగా కిందికి వంగింది. చిన్నది, ఒకటే ఇంజన్. పెట్టెకూ విమానానికీ మధ్య దూరం తగ్గిపోతోంది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

కింద గుండిగ వంచారు. బెల్లం వాసన వేడిగాలితో పైకి లేచింది. డప్పు అదిరింది.

"చేతులెనకకు!" అని బాలనర్సమ్మ అరిచింది. "ఎవలు చేత్తోని ముట్టొద్దు!"

టూరిస్టులు నవ్వుతూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు చేతులు నేలకు ఆనించాడు, ఒకామె వేలు ముంచి చప్పరించింది. జనం వాళ్లను తిట్టారు. అప్పుడు గుంపులోంచి పెద్ద కేక పుట్టింది. ఆ కేకకే పర్వతాలు కన్ను పక్కకు తిరిగింది.

వీల్‌చైర్ ఖాళీగా ఉంది. మాట రాని హెడ్విగ్ అత్త, బెల్లం వాసనకు జారి దిగినట్టు, బండ మీద మోకాళ్ల మీద ఉంది. తొడుగులున్న రెండు చేతులూ వీపు వెనక ఒకదానితో ఒకటి పట్టుకుని, నడుము నుంచి వంగి, ముఖం మీది వల పాశంలో తడిసిపోతుండగా, ఆకలిగొన్న లేగలా నాకుతోంది. ఎలా వంగాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు.

"ఓ అవ్వో! గీ దొరసానికి ఎవలు నేర్పిండ్రే?" అంది బాలనర్సమ్మ.

ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు ఆత్మకూర్లో వాన రాని ప్రతి ఏడూ నేర్చుకున్నదే. పర్వతాలు గురిని పెట్టె మీద నుంచి విమానం మీదికి తిప్పాడు. చక్రాలు నేలను తాకుతున్నాయి. ట్రిగ్గర్ నొక్కాడు.

ముందు టైరు పేలింది. విమానం పక్కకు ఒరిగి, ముక్కుతో నేలను దున్నుకుంటూ దుమ్ములో మాయమైంది. పెట్టె మోసే ఇద్దరూ దాన్ని వదిలేసి పరుగెత్తారు. మూత ఊడింది. లోపల కళ్లు కప్పడానికి పెట్టిన రెండు గొంగళ్లు, నాలుగు రాళ్లు.

పర్వతాలు గుండు మీద నుంచి దూకి పరుగెత్తాడు. వెల్నర్ పిస్టల్ తీసి బండ మీదికి ఉరికాడు. "నాకు దక్కకపోతే..." అంటూ వంగి ఉన్న ముసలావిడ తలకు గురిపెట్టాడు. పర్వతాలుకు ఇంకా ఇరవై అడుగుల దూరం. అందదు. అందదని అతనికి తెలుసు. అయినా ఉరికాడు.

బూట్లు లేని కాళ్లు, వేడి బండ, దాని మీద చిక్కటి బెల్లం పాశం. వెల్నర్ కాళ్లు రెండూ ఒకేసారి గాల్లోకి లేచాయి. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. అతను వెల్లకిలా పడ్డాడు. మరుక్షణం కురుమయ్య డప్పుతో సహా అతని ఛాతీ మీద కూర్చున్నాడు.

"మా పాశం తొక్కుతవారా? కమ్మగ తినమంటే తుపాకి తీస్తవా?"

మిగతా ముఠా మనుషుల చుట్టూ ఊరు మూసుకుంది. ఆడవాళ్ల చేతుల్లో బిందెలు ఉన్నాయి. పిస్టళ్లు ఒక్కొక్కటే కింద పడ్డాయి. విమానాన్ని చూసి ఆత్మకూర్ నుంచి బయల్దేరిన జీపు కట్ట మీదికి వచ్చేసరికి పని అయిపోయింది.

పర్వతాలు వల తీశాడు. పౌడర్ కింద నల్లటి గడ్డపు మొలకలు, వణికే పెదాలు.

"ఇంకింత ఉందా?" అన్నాడు డాక్టర్ గులాం నబీ.

బాలనర్సమ్మ దోసిలితో పట్టి నోటికి అందించింది. అప్పుడు మాత్రం చేత్తో ముట్టొద్దని ఎవరూ అనలేదు.

*

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు సూది గుర్తులు చూసి తల ఆడించాడు. "ఇన్సులిన్. షుగర్ లేని మనిషికి ఇచ్చారు. మనిషి సోయి తప్పి పడి ఉంటాడు, ఎవరికీ అనుమానం రాదు. ఇంకో గంట అయితే దక్కేవాడు కాదు. ఆ బెల్లం ఎవరు పెట్టారో గానీ..."

బయట జీపులో జాహేదా బేడీలతో కూర్చుని ఉంది. స్కార్ఫ్ మీద పాశం మరకలు.

"పెట్టెలో ఉన్నాడని అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాడు పర్వతాలు.

"నీకు ఏం ఆర్డర్ ఇచ్చిండ్రో నాకు ఎర్కే. నిజం చెప్తే ఎవల్ని కాలుస్తుంటివి?"

అతను జీపు కడ్డీ పట్టుకున్నాడు. "ఏ పక్షం నువ్వు?" అన్నాడు.

"రెండు దిక్కుల జీతం ఒకటో తారీఖే వస్తది సార్. ఇయ్యాల పంతొమ్మిది." ఆమె నవ్వింది. జీపు కదిలింది. ఆమె బేడీలు వదులుగా వేయమని రాత్రికే చీఫ్‌తో మాట్లాడాలని పర్వతాలు అనుకున్నాడు.

వార్డు వరండాలోంచి ఫోన్ చేశాడు.

"ఆ ఒక్క రౌండ్ ఏమైంది?" అన్నాడు చీఫ్.

"టైరుకు తగిలింది సార్."

"సరే. నీ సెలవు ఇంకా రెండ్రోజులుంది. ఏదైనా చల్లటి చోటు చూసుకో."

తొమ్మిది కావస్తోంది. వాన పడలేదు. ఆకాశం నిండా చుక్కలున్నాయి. లోపల లాడ్లీ బేగం తడిగుడ్డతో భర్త ముఖం మీది పౌడర్ తుడుస్తోంది.

"గౌను మాత్రం మంచిగ కుదిరింది," అంటోంది. "గా దొర కొలతలు యాడ తీసుకున్నడో."

"నవ్వించకు. కడుపు నిండ బెల్లమే ఉంది."

ఆమె లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. బెంచీ మీద కూర్చున్న పర్వతాలును చూసి కళ్లు తుడుచుకుంది.

"అన్నా, గంత ఎండల... మిమ్ముల్ని ఆయన కోసమేనా పంపింది?"

"ఆయన కోసమేనమ్మా."

"అల్లా మిమ్ముల్ని చల్లగ సూడాలె."

ఆయన నిద్రలోకి జారుకుంటున్నాడన్నట్టు ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది. తర్వాత వార్డు తలుపును, బందులు కిర్రుమనకుండా కాస్త పైకి ఎత్తి పట్టుకుని, మెల్లగా మూసింది.