బాగుపడిన ఒక్క నంబరు

రామ్మోహనరావు తన ప్లాటు మింగేశాడని సాంబయ్య నాచారం చౌరస్తాలో కనబడ్డ వాళ్లందరికీ చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. బోడుప్పల్ ప్లాట్ల సంఘానికి సెక్రటరీ ఆయన. ఇస్త్రీ చొక్కా అబద్ధమాడుతుందంటే ఈ లోకం నమ్మదు. చివరికి 2009 జూలైలో ఒక శుక్రవారం పొద్దున, సాంబయ్య టైర్ల దుకాణం మీది మేడ ఎక్కి డిటెక్టివ్ స్వర్ణలత ముందు కూర్చున్నాడు.

"పదకొండేండ్లు ఫౌండ్రీల పన్జేసి కొన్న, మేడం. నా సభ్యత్వం నంబరు 0417. నిన్న సంఘం వెబ్‌సైట్ల కొడితే రత్నకుమారి పేరొచ్చింది. ఆమె సెక్రటరీ మరదలు. అడిగితే కంప్యూటర్ తప్పంట, ఆర్నెల్లు ఆగాల్నంట."

"వేరేవాళ్ల నంబర్లు?"

"మా దుర్గమ్మ పిన్నిది 0233. అది తెరుసుకుంటనే లేదు. గసుంటి మనిషే లేడంటున్నది. మస్తు మందికి గట్లనే అయింది."

స్వర్ణలత సహాయకుడు ఉపేందర్ నవ్వాడు. "అయితే నీదే నయం కదనే. కనీసం తెరుసుకున్నది."

స్వర్ణలత పెన్ను ఆగింది. "ఆ మాట మళ్లీ అను, ఉపేందర్."

అన్నాడు. ఏమన్నాడో అతనికే అర్థం కాలేదు. ఆమెకు మాత్రం అర్థమైంది.

ఉప్పల్‌లోని సంఘం ఆఫీసులో, వెబ్‌సైట్ కట్టిన త్రివేణి ఏడుపు దిగమింగుకుంటూ నిలబడి ఉంది. తప్పంతా ఆమెదేనని, సోమవారం నుంచి పనిలోకి రావద్దని రామ్మోహనరావు అప్పటికే చెప్పేశాడు.

"సభ్యుల లిస్టును సైటు సీఎస్‌వీ ఫైలుగ ఇస్తది, మేడం. మనిషికొక వరుస, నడుమ కామాలు. మార్పులు జేసి మళ్ల ఎక్కిస్తే సైటు దాన్నే నమ్ముతది. మొన్న సోమారం చిదంబరం సార్ ఫోన్ నంబర్లు మార్చనీకి దాన్ని ఎక్సెల్ల తెరిచి సేవ్ జేసిండు. ఎక్సెల్ ముందు సున్నాలు తీసేస్తది. 0233 కాస్తా 233 అయింది."

గుమాస్తా చిదంబరం చేతులు ఎత్తాడు. "నాకేం ఎరుక? ముందున్న సున్నాకు విలువ లేదని బళ్లె జెప్పిన్రు."

"ఆ సున్నా మళ్లీ పెట్టండి," అంది స్వర్ణలత.

అతను ఎక్సెల్‌లోనే 0233 కొట్టాడు. మీట నొక్కగానే సున్నా మాయమైంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ మాయమైంది.

"నువ్వయితే?" అని త్రివేణిని అడిగింది.

"ప్రోగ్రాంల ఒక్క లైను రాస్త. అన్నీ ఒక్కపారే బాగైతయి."

రామ్మోహనరావు గొంతు సవరించుకున్నాడు. "నాకు కంప్యూటర్ తెరవడం కూడా రాదండీ. అంతా ఈ అమ్మాయి నిర్వాకం."

ఆదివారం సంఘం హాల్లో సభ్యులందరూ కూర్చున్నారు. స్వర్ణలత ఫైలు కాగితాలు పైకెత్తింది.

"పాడుచేసింది ఎవరని మీరు వెతికారు. నేను బాగుచేసింది ఎవరని వెతికాను. తొమ్మిది వందల తొంభై తొమ్మిది నంబర్ల ముందు సున్నాలు పోయాయి. ఒక్క 0417కే తిరిగి వచ్చింది. చిదంబరానికి పెట్టడం రాదు. త్రివేణి పెడితే అందరికీ పెడుతుంది. తనకు కావలసిన ఒక్క వరుసే దిద్దుకున్నది ఎవరు? త్రివేణీ, సున్నా ఎట్లా పెట్టాలో నిన్ను ఎవరైనా అడిగారా?"

"సెక్రటరీ సార్ మంగళారం ఫోన్ జేసిండు. ఒక్క నంబరే తెరుసుకుంటలేదన్నడు. నోట్‌ప్యాడ్ల తెరిచి చేత్తోని పెట్టుమన్న, అది సున్నాలు తియ్యది."

"బుధవారం రత్నకుమారి పేర రిజిస్ట్రేషన్‌కు సైటు నుంచి 0417 కాగితం తియ్యాలి. అందుకే సున్నా పెట్టాడు. ఆ చేత్తోనే పేరూ మార్చాడు. మిగిలిన తొమ్మిది వందల తొంభై ఎనిమిది మందినీ కంప్యూటర్ మీదికి తోసేశాడు."

రామ్మోహనరావు తడబడలేదు. "రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఏళ్లకేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతావా, సాంబయ్యా? నాలా పక్కన వంద గజాలిప్పిస్తాను. సంతకం పెట్టు," అని ఒక రాజీ కాగితం చాచాడు.

సాంబయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన ఇస్త్రీ జేబులోనే దోపాడు. "ఆ మురికి నాలా పక్కకు నువ్వే ఇల్లు గట్టుకో, సారూ. నేను తిరుగుత. నా కాళ్లకు అలవాటే."

త్రివేణి కుర్చీ లాక్కుని పోలీసు ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. పోయినదేమిటో రాసే చోట సాంబయ్య పెన్ను తీసుకున్నాడు. అతనికి వచ్చిన అక్షరాలు కొద్దే. అవి చాలాయి.

ప్లాటు నంబరు 88. నూట అరవై ఏడు గజాలు.