ఎవరూ రారు, ఎవరూ పోరు

రేయ్ మామా, దమ్ముంటే ఇది చదివి నవ్వు చూద్దాం. దెయ్యాల్లేవు, సైన్సే ఉంది అని నిన్న తెగ వాగావ్‌గా. ఇది సైన్స్ వాళ్ళకే జరిగింది. మా తాతయ్యకి.

దివిసీమ ఉప్పెన తర్వాతేడు, డెబ్బై ఎనిమిది. తాతయ్య సంజీవరావు, ఆయన చెల్లెలు మార్త, ఇద్దరూ బెజవాడలో పీజీ. శనివారం సాయంత్రాలు లెక్కల సార్ కాశీరావు గారి దగ్గర చిన్న గ్రూపు కూర్చునేది. రోగం ఊళ్ళో ఎలా పాకుతుందో లెక్కల్లో పట్టుకోవాలి. అదీ వాళ్ళ పని. బోర్ కదా? ఆగు.

లెక్క నిజమో కాదో చూడ్డానికి సార్ ఒక ఆట పెట్టాడు. తలుపు గడియేసి, అందరూ కళ్ళు మూసుకుని గదిలో తిరుగుతా, తగిలినోళ్ళకి షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. ముందే సార్ ఎవరో ఒకడి వీపు తడతాడు. వాడు రోగి. షేక్‌హ్యాండ్ ఇస్తా అరచేతిలో గీకుతాడు. గీకించుకున్నోడికీ రోగం అంటినట్టే.

ఆ రోజు వాన. తడి గొడుగుల వాసన, సుద్దముక్కల వాసన. బోర్డు మీద జనాభా ఆరు అని ఉంది. పాత లెక్క. ఆరోవాడు ఎల్లారావు, దివిసీమ జాలరోళ్ళ అబ్బాయి. ఉప్పెన ముందు ఇంటికెళ్ళాడు. శవం కూడా దొరకలా.

"సార్, అయిదు కదండీ," అంది మార్త.

"ఉండనీమ్మా, ఇవాళ్టికి పర్లేదు." గడియేసి రూలు చదివాడు సార్. "జనాభా మారదు. ఎవరూ రారు, ఎవరూ పోరు. కానీండి."

కళ్ళు మూశారు. చెప్పుల చప్పుడు. కిసకిసలు.

"గీకారండోయ్!" శౌరయ్య అనే ఫ్రెండు అరిచాడు. "ఎవడ్రా అది, గోళ్ళు తీసుకోవా?"

అందరూ పగలబడి నవ్వారు. సార్ నవ్వలా.

"నేనెవర్నీ తట్టలేదయ్యా... రోగి లేకుండా ఆడితే ఏమొస్తుందో చూద్దామని..."

శౌరయ్య ఏదో అనబోయి దగ్గాడు. నోట్లోంచి నీళ్ళు. ఉప్పునీళ్ళు మామా... బురదతో. అలాగే కూలబడ్డాడు. ఊపిరాడట్లా.

కరెంటు పోయింది.

సార్ గడియ లాగుతున్నాడు. రావట్లా.

"మార్తా! ఎవరి చెయ్యీ పట్టుకోకు!" తాతయ్య అరిచాడు.

చీకట్లో చెల్లెలి కోసం తడుముకున్నాడు. సన్నటి చెయ్యి దొరికింది. హమ్మయ్య అనుకుని గట్టిగా పట్టుకున్నాడు. తడిగా ఉంది. చల్లగా...

"అన్నయ్యా..." గుసగుస. గది అవతల్నుంచి. "నేను బల్ల కింద ఉన్నా..."

చేతిలో చెయ్యి ఆగింది. విన్నట్టు. తర్వాత మెల్లగా... ఆ గొంతు వైపు లాగడం మొదలెట్టింది.

తాతయ్య వదల్లా. దాని వేళ్ళు విప్పుకోనీకుండా పిసికి పట్టాడు. అది చేపలా జారింది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది... గుప్పిట్లో ఇమిడిపోయింది.

కరెంటొచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. శౌరయ్య పోయాడు. మార్తకి గీత కూడా పడలా.

తాతయ్య కుడి గుప్పిట మాత్రం మళ్ళీ తెరవలా. పెళ్ళిలో కూడా. అన్నం ఎడం చేత్తోనే. డాక్టర్లు నరాలన్నారు. నేనోసారి చెవి పెట్టి విన్నా మామా. లోపల... గీకుతా ఉంది.

"విప్పితే అది ముందు మార్త దగ్గరికే పోద్దిరా," అనేవాడు. నాకొక్కడికే చెప్పాడు. ఆవిడకి కూడా తెలీదు.

మొన్న తాతయ్యకి స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది. చూడ్డానికి మార్త అమ్మమ్మ గుణదల నుంచి పొద్దున్నే దిగింది. ఇప్పుడు కింద గదిలో ఫిజియోథెరపీ ఆమె తాతయ్య చేతికి నూనె రాసి ఏదో

ఆగు, అమ్మ కేకేస్తంది

ఏడుస్తా నవ్వుతా ఉంది రా. "చిన్నోడా, తాతయ్య చెయ్యి తెరుచుకుందిరా! తొందరగా రా, మార్త అమ్మమ్మ పట్టుకుని కూర్చుంది"