వెనక నిలబడ్డ గొంతులు

అమెరికాలోని మెంఫిస్‌లో ఆ శనివారం పొద్దున వర్డెల్ పొయ్యి మీద మొక్కజొన్న గంజి కలుపుతుంటే, రేడియోలో ఆమె రాసిన పాట మొదలైంది. గిటార్ ఇంకా సర్దుకోనే లేదు, తల్లి ఒడెస్సా లేచి రేడియో కట్టేసింది. మళ్ళీ వచ్చి కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంది. ఆ ఇంట్లో అది మామూలే. 

ఒడెస్సా చర్చి గాయకబృందానికి పెద్దదిక్కు. పెళ్ళయినా చావయినా ఆమె మంద్రస్వరం లేచిందంటే జనం తమకు తెలియకుండానే నిలబడేవారు. వర్డెల్ ఆ గొంతు పక్కనే పెరిగింది. పాతికేళ్ళు నిండకముందే చర్చి వదిలి రికార్డులకు పాడటానికి వెళ్ళింది. అప్పట్నించీ తల్లి, కూతురి వంట తింది, కూతురు కుట్టించిన బట్టలు కట్టుకుంది. పాట మాత్రం వినలేదు.

ఊరంతా వింది. కార్లీన్ మాస్ అనే పేరున్న గాయని ఆ పాటలు పాడుతుంటే హాళ్ళు ఊగిపోయేవి. మాటలు వర్డెల్‌వి, బాణీ వర్డెల్‌ది. వేదిక మీద మాత్రం ఆమె వెనకవరసలో, దీపాల వెలుగు సగమే పడేచోట నిలబడి వంత పాడేది. ముందుకు రమ్మని కార్లీనే పిలిచినా నవ్వి ఊరుకునేది.

ఆ రోజు గొడవ రెనీటా వల్ల వచ్చింది. వర్డెల్ కూతురు. అమ్మమ్మ దగ్గరే స్వరాలు నేర్చుకున్న పిల్ల. వంత పాడే ఒకామె పెళ్ళి చేసుకుని చికాగో వెళ్ళిపోతే, ఆ చోటుకు అమ్మ తనను పిలిచిందని, మధ్యాహ్నం స్టూడియోకు వెళ్తున్నానని చెప్పేసింది.

ఒడెస్సా కత్తి కింద పెట్టింది.

"ఒకదాన్ని పోగొట్టుకున్నాను. రెండోదాన్ని పోనివ్వను."

"నేనెక్కడికి పోయానమ్మా? రోజూ నీ ఎదురుగానే ఉన్నాగా" అంది వర్డెల్.

"దేవుడిచ్చిన గొంతు తాగుబోతుల ముందు పరిచావు. అది పోవడం కాదా?"

"ఒక్క పాట చివరిదాకా విన్నావా నువ్వు? వినకుండానే ఇన్నేళ్ళు శిక్ష వేశావు."

ఒడెస్సా లేచింది. పిల్ల ఆ స్టూడియో గడప తొక్కితే తాను క్లార్క్స్‌డేల్‌లో చెల్లెలి దగ్గరకు పోతానని, మళ్ళీ రానని చెప్పి గదిలోకి వెళ్ళింది. పెట్టె సర్దుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది. రెనీటా ఏడ్చింది, వెళ్ళనంది. వర్డెల్ చాలాసేపు గిన్నె కడుగుతూ నిలబడి, చివరికి నిర్ణయం నీదేనంది. రెనీటా కళ్ళు తుడుచుకుని తల్లి వెంట స్టూడియోకు వెళ్ళింది.

స్టూడియో ఒకప్పటి సినిమాహాలు. మధ్యాహ్నం దాటాక ఒడెస్సా ఆదివారం టోపీ పెట్టుకుని, చేతిలో పెట్టెతో తలుపు తోసుకుని వచ్చింది. పిల్లను చివరిసారిగా అడిగి చూద్దామని వచ్చింది. రికార్డింగ్ చూసే లెరాయ్ అనే అతను పెదవి మీద వేలుపెట్టి, పాడే గది అద్దానికి ఇవతల కుర్చీ చూపించాడు.

అద్దం అవతల వర్డెల్ ఉంది. ఇంట్లో మెల్లగా మాట్లాడే మనిషి అక్కడ వేరేలా ఉంది. వేలు కదిపితే వాద్యాలు ఆగుతున్నాయి. రెనీటా స్వరాన్ని కాస్త పైకి, పక్కామె స్వరాన్ని కాస్త లోపలికి జరిపింది. మూడు గొంతులు ఎక్కడ కలిశాయో తెలియకుండా ఒకే గొంతయ్యాయి. పక్కనే ఉన్న కార్లీన్‌కు ఆమె పాడాల్సిన పాదాలు నేర్పడానికి వర్డెల్ తనే పాడింది.

*ఊరి చొక్కాలన్నీ ఇస్త్రీ చేస్తూ*
*ఆవిరిలో అమ్మ కూనిరాగం తీసింది*
*నా పాటకు అంతకుమించి పుట్టిల్లు లేదు*

ఒడెస్సా పెట్టె కింద పెట్టింది. పరుల బట్టలు ఇస్త్రీ చేసిన ఆ రోజుల్లో బల్ల కింద ఆడుకునే పిల్ల తన కూనిరాగం వింటోందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చర్చిలో ఎన్నోసార్లు ఒళ్ళు జలదరించింది ఆమెకు. ఇక్కడా అలాగే జలదరించింది. ఇంత పెద్దది తన కడుపున పుట్టిందా అనిపించి భయం కూడా వేసింది.

పాట ఆగింది. వర్డెల్ అప్పుడు చూసింది తల్లిని. గబగబా బయటికి వచ్చింది. 

ఒడెస్సా గొంతు సవరించుకుంది. "కింది స్వరం ఖాళీగా ఉందే."

"తెలుసమ్మా. అది పాడగలిగేవాళ్ళు నాకు దొరకలేదు."

"ఎక్కడ నిలబడాలి?"

 వర్డెల్, తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తనకూ రెనీటాకూ మధ్య నిలబెట్టింది. మళ్ళీ మొదలుపెట్టారు. ఒడెస్సా స్వరం అడుగునుంచి లేవగానే డ్రమ్స్ వాయించే అతను కళ్ళు మూసుకున్నాడు. కార్లీన్ పాడాల్సిన చోటు వచ్చినా పాడలేదు, వింటూ నిలబడిపోయింది. మళ్ళీ మొదట్నించీ పాడాల్సి వచ్చింది. ఎవరూ విసుక్కోలేదు.

తర్వాత లెరాయ్ రికార్డయినది వినిపించాడు. ఒడెస్సా తన గొంతు బయటినుంచి వినడం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చుని, తల వంచుకుని వింది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. వర్డెల్ కంగారుగా దగ్గరికి వెళ్ళింది.

"ఏమయిందమ్మా?"

"అది నా గొంతు కాదే" అంది ఒడెస్సా, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "మా అమ్మది. ఆమె పోయాక ఇప్పుడే వింటున్నా."

వర్డెల్ కింద కూర్చుని తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. రెనీటా వచ్చి ఇద్దర్నీ పట్టుకుంది. ఒడెస్సా లెరాయ్ వైపు తిరిగి, ఇంకొక్కసారి వినిపించు నాయనా అని అడిగింది.