ఘాటు మినహాయింపు

ఆ గురువారం ఉదయం వకుళ పోపుదగ్గులను వేరు చేస్తోంది. జిల్లా శ్రవణ కేంద్రంలో రోజూ మొదటి పని అదే. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఊరూరా ఎండుమిరపకాయలు మూకుళ్లలో పడతాయి. ఇంటిల్లిపాదీ దగ్గుతారు, ఏ పాపమూ ఎరగని పక్కింటివాళ్లూ దగ్గుతారు. వీధి స్తంభాలకూ బస్సులకూ బడి గోడలకూ అమర్చిన దగ్గుచెవులు అన్నిటినీ విని, ఏ దగ్గు ఎవరిదో గుర్తుపట్టి కేంద్రానికి పంపుతాయి. పోపుదగ్గేదో రోగపుదగ్గేదో నూటికి తొంభైతొమ్మిది యంత్రమే తేల్చేస్తుంది. మిగిలిన ఆ ఒక్కటీ మనిషి వినాలి. ఆ మనిషి వకుళ.

దగ్గుచెవులు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. వాటి పుణ్యమా అని క్షయ పేరు జనం మరిచిపోయారు. ఒక వీధిలో మూడిళ్లలో ఒకే రకం దగ్గు వినబడితే చాలు, ఆ వీధికి గడపకట్టు పడుతుంది. ఏడు రోజులు గడప దాటకూడదు. దాటినా బస్సు ఎక్కించుకోదు, పని చీటీ చెల్లదు. తిండి ఇంటికే వస్తుంది గానీ కూలి రాదు. జనం దేనికైనా అలవాటు పడతారు కదా, దగ్గు మింగడానికీ పడ్డారు. పిల్లలకు అక్షరాభ్యాసం కన్నా ముందే అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకోవడం నేర్పుతున్నారు. పెళ్లిచూపుల్లో "మా పిల్ల తుమ్మినా బయటికి వినపడదండీ" అని మురిసిపోయే తల్లులు బయలుదేరారు.

పది గంటలకు విచారణాధికారి జహీరుద్దీన్ వచ్చాడు. రాజధాని నుంచి వచ్చిన మనిషి, నిదానస్తుడు, ఎంత కఠినమైన మాటనైనా 'అండీ' తగిలించే చెబుతాడు.

"వకుళగారూ, గోనెజబ్బు మూలం దొరికిందండీ. మీ ఎర్రమెట్ల మిర్చి యార్డు."

వకుళ చేతులు బల్ల మీదే ఆగిపోయాయి. గోనెజబ్బు సంగతి లోకానికి తెలిసి పదకొండు రోజులే. అప్పటికే తొమ్మిది దేశాలకు పాకింది. చిట్టగాంగ్‌లో జనపనార గిడ్డంగి, థాయ్‌లాండ్‌లో బియ్యం మిల్లు, వియత్నాంలో సిమెంటు దింపే రేవు, ఉజ్బెకిస్తాన్‌లో పత్తి జిన్నింగు మిల్లు. అన్నీ గోనె సంచులు దిగే చోట్లే కాబట్టి జనం ఆ పేరు పెట్టారు. రెండు వేల ఆరు వందల మంది పోయారు. ఆసియా ఖండం నిండా కోట్ల చెవులుండగా ఒక్కటీ ముందుగా కేక వెయ్యలేదెందుకని అందరూ తలలు పట్టుకుంటున్నారు.

"యార్డులో చెవులున్నాయి కదా సార్?" అని అడిగింది వకుళ. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"ఉన్నాయండీ. వింటాయి. లెక్కలోకి తీసుకోవు. మీరు రాసిందే కదండీ, ఘాటు మినహాయింపు."

మూడేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో రాసింది అది. యార్డులో కొండల్లా పోసిన మిరపకాయల మధ్య ఆడకూలీలు కూర్చుని తొడిమలు తీస్తారు. ఆ ఘాటుకు పొద్దస్తమానం దగ్గుతారు. పోపుదగ్గులా కాసేపట్లో ఆగదు కనుక యంత్రం దాన్ని రోగమనుకుని వాళ్ల వాడకు గడపకట్టు వేసేది. ఒక్క సీజనులో మూడుసార్లు పడింది. ఏడాదికి తిండి పెట్టేవి ఆ రెండు నెలలే, అందులో ఇరవై ఒక్క రోజులు ఇంట్లోనే పోయాయి. వకుళ చూడటానికి వెళ్లి, గేటు దగ్గరే కళ్లూ ముక్కూ కారిపోయి కూలబడింది. సలోమమ్మ అనే పెద్దావిడ తడిగుడ్డ ఇచ్చి, ముఠా మేస్త్రి కుర్చీ లాగి కూర్చోబెట్టింది. తిరిగొచ్చిన రోజే వకుళ నియమం రాసింది. యార్డు ప్రహరీ లోపల వినబడిన దగ్గు లెక్కకు రాదు. కేంద్రం వాళ్లు మెచ్చుకుని శాలువా కప్పారు. అప్పటినుంచి ఏటా సలోమమ్మ ఒక సీసాడు కొరివికారం పంపేది. వకుళ అన్నంలో కలుపుకుని తినేది. మళ్లీ యార్డుకు మాత్రం వెళ్లలేదు. వెళ్లాల్సిన అవసరమేముంది, గడపకట్టు పడటం లేదు కదా అనుకుంది.

"కానీ అది ఒక్క యార్డుకే సార్. మిరపకాయకే."

"ఖండంలోని చెవులన్నిటినీ కలిపిన శ్రవణజాలం నేర్చుకునే యంత్రమండీ. ఒకచోట బాగుందన్న నియమాన్ని అలాంటి ఇంకో చోట తనే పెట్టుకుంటుంది. దానికి మిరపకాయ తెలియదు. ధూళి, కూలీలు, దగ్గు. ఈ మూడూ ఉన్న నాలుగు వందల పదిహేడు చోట్ల చెవులు మూసుకుంది. మీ యార్డు సంచులు ఎక్కిన ఓడలూ రైళ్లూ ఆ చోట్లకే వెళ్లాయి."

నాలుగు వందల పదిహేడు. తను జాలిపడి రాసిన ఆరు వాక్యాలు.

జహీరుద్దీన్ గొంతు తగ్గించాడు. "ఒక్కటి తేలాలండీ. ఇది మామూలు ఘాటు కాదని కూలీలకు ముందే తెలుసా? తెలిసి దాచి ఉంటే వాళ్ల పని చీటీలు శాశ్వతంగా రద్దు. మీకు చెప్పి, మీరు పట్టించుకోకపోతే శిక్ష మీకు. సాయంత్రం నాలుగింటికి మీ వాంగ్మూలం."

పని చీటీ లేనివాళ్లను ఏ గేటూ లోపలికి రానివ్వదు. ఇక బతుకంతా గడపకట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వకుళ సెలవు చెప్పి యార్డుకు బయలుదేరింది.

యార్డు షెడ్డునే ఆసుపత్రిగా మార్చారు. మిరపకాయలు ఎత్తించేసినా నేల ఇంకా ఎర్రగానే ఉంది. మంచానికీ మంచానికీ మధ్య పలచటి తెరలు. సలోమమ్మ ముక్కులో గొట్టంతో దిండుకు ఆనుకుని కూర్చుంది. ముసుగు తొడుక్కున్నా వకుళను కళ్లు చూసే పోల్చుకుంది.

"వచ్చావా తల్లీ. చిక్కిపోయావేంది? కూకో."

"పెద్దమ్మా, ఇదంతా నా వల్లే జరిగింది. నేను రాసిన రాత వల్లే."

"ఊరుకో. జబ్బు దేవుడు పంపిచ్చేది. నువ్వెవరు పంపడానికి?"

"చెవి మూసింది నేనే కదా. మీకూ తెలియలేదు, ఘాటే అనుకున్నారు. నేనైనా..."

సలోమమ్మ నవ్వబోయింది. దగ్గొచ్చింది. అది తగ్గేదాకా వకుళ తెర పట్టుకుని నిలబడింది.

"మాకు తెలవకపోవడమేంది? నలభై ఏళ్లు తొడిమలు తీసినదాన్ని. మిరపదగ్గు కళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగితే పోయుద్ది. ఇది ఇంటికొచ్చినా వదల్లా. నెల కిందటే తెలుసు మాకు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది వకుళ.

"చెప్తే నీ రాత తప్పని తేలుద్ది గదా. నీ ఉద్యోగం పోయుద్దని భయపడ్డాం. మా మొకం చూసి రాసిన పిల్లవి, నీకు మాట తెస్తామా? అందరం కూడబలుక్కున్నాం. వాడలో దగ్గితే చెవి వింటది. అందుకని దగ్గంతా ఆపుకుని, పొద్దున్నే ఇక్కడికొచ్చి దగ్గేవాళ్లం. పనిలేనోళ్లు గూడా వచ్చారు. పక్కూళ్ల నుంచి ముసలోళ్లని ఆటోల్లో తెచ్చి, కాసేపు దగ్గనిచ్చి తీసుకుపోయేవాళ్లు. నీ పుణ్యాన దగ్గడానికి ఒక చోటుందని చెప్పుకునేవాళ్లమమ్మా."

ఖండంలో ఏ శాస్త్రజ్ఞుడికీ తట్టని విషయం అది. చెవి మూసిన చోట రోగమంతా వచ్చి పోగుపడింది. మోసం చెయ్యడానికి కాదు, ఒకరి ఉద్యోగం కాపాడటానికి.

సలోమమ్మ చెబుతూనే ఉంది. "మా కోడలు రాహేలు ఇంటికాడ నోట్లో కొంగు కుక్కుకునేది. గేటు దాటంగానే కూలబడి దగ్గేది. ఎనిమిదో రోజు గేటు దాకా రాలా."

"నన్ను తిట్టు పెద్దమ్మా," అంది వకుళ. ఏడుపు ఆగలేదు. "ఒక్క మాటైనా తిట్టు."

"పిచ్చిపిల్లా. నిన్నెందుకు తిడతానే?"

వకుళ మోచేత్తో కళ్లు తుడుచుకుని, తెరకు దగ్గరగా వంగింది. సాయంత్రం ఏం అడుగుతారో, దాచారని తేలితే ఏమవుతుందో చెప్పింది. "మిమ్మల్నీ అడుగుతారు. వకుళకు చెప్పాం, ఆమే వినలేదు అని చెప్పండి. నేనూ అదే చెబుతాను. నా తప్పు నా నెత్తిన ఉండనివ్వు పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"సర్లే, పో. టైమవుద్ది నీకు," అంది సలోమమ్మ.

నాలుగింటికి జహీరుద్దీన్ ఎదుట వకుళ తడబడకుండా చెప్పింది. "నెల కిందటే చెప్పారు సార్. ఇది ఘాటు కాదని స్పష్టంగా చెప్పారు. నేనే పట్టించుకోలేదు."

చెప్పాక గుండె తేలికపడింది. అది పచ్చి అబద్ధమని కూడా ఆమెకు అనిపించలేదు. మూడేళ్లలో ఒక్కసారి ఆ గేటు దాటి ఉంటే చెప్పేవాళ్లే. ఉద్యోగం పోతుంది, జైలు పడుతుంది, పడనీ. పదకొండు రోజుల చావుల లెక్క ముందు అది ఊరటలాగే ఉంది.

జహీరుద్దీన్ రాసుకోలేదు. కలం పక్కన పెట్టి, "మూడింటికి షెడ్డు నుంచి వాంగ్మూలాలు వచ్చాయండీ," అని మీట నొక్కాడు.

సలోమమ్మ గొంతు వినబడింది. "అయ్యా, ఆ అమ్మాయికి మేం చెప్పలా. ఆ పిల్ల వేరేగా చెప్పుద్ది, నమ్మమాకండి. జాలిగుండె దానిది. తెలిసి దాచింది మేమే." తరువాత ఇంకో గొంతు అదే మాట చెప్పింది. ఆ తరువాత ఇంకొకటి. మధ్యలో దగ్గులు, ఆయాసాలు. అన్నీ కలిపి నలభై ముగ్గురు.

"వాళ్లు అబద్ధం చెబుతున్నారు సార్!" వకుళ లేచి నిలబడింది.

"నలభై ముగ్గురిని కాదని ఒక్కరిని నమ్మమంటారా? పైగా వాళ్ల మాట వాళ్లకే నష్టం." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు నిర్దోషి అండీ."

ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు ఉదయం ఆ నలభై ముగ్గురి పని చీటీల రద్దు పత్రం వకుళ బల్ల మీది యంత్రపు తెర మీదికే వచ్చింది. జిల్లా కేంద్రం సంతకం కావాలి. ఆమె జహీరుద్దీన్‌కు ఫోను చేసి, తన చేతులతో పెట్టనని చెప్పేసింది.

"మీరు పెట్టకపోతే పన్నెండింటికి యంత్రమే పెడుతుందండీ. యంత్రం పెడితే అప్పీలు లేదు. మనిషి పెడితే ముప్పై రోజుల గడువుంటుంది. ఆలోచించుకోండి," అన్నాడాయన. కాస్త ఆగి, "నేనైతే పెడతానండీ," అన్నాడు.

వకుళ పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో పేరూ చదివి, ఒక్కో సంతకం. ఇరవయ్యో పేరు దగ్గర ఏడుపు కూడా ఆగిపోయింది. అప్పీలులో ఏం రాయాలో, ఎవరి కాళ్లు పట్టుకోవాలో ఆలోచిస్తూ నలభై రెండు పెట్టింది.

నలభై మూడో పేరు సలోమి, వయసు అరవై రెండు. ఎదుటి గడి బూడిదరంగులో ఉంది. తెల్లవారుజామున మరణించినందున సంతకం అవసరం లేదని రాసి ఉంది.

అయినా వకుళ కలం ఆనించింది. ముప్పై రోజుల గడువు ఆమెకూ రావాలి కదా అనుకుంది. యంత్రం సంతకం తీసుకోలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసుకోలేదు. పన్నెండు కొట్టేదాకా ఆమె ఆ గడిలో సంతకం పెడుతూనే ఉంది.